టైర్లు మార్చాక మా ఊరు 17 కిలోమీటర్లు దగ్గరకొచ్చింది, ఇదేం లెక్క?

బెజవాడ_బుల్లోడు
నా పాత హ్యాచ్‌బ్యాక్‌కి పోయిన నెల అల్లాయ్ వీల్స్ వేయించా. కంపెనీ నుంచి వచ్చినవి 175/65 ఆర్14 టైర్లు. ఎలాగూ అరిగిపోయాయి కదా, పనిలో పనిగా 15 అంగుళాలకి పోదామని షాపుకెళ్తే అతను 185/65 ఆర్15 ఎక్కించాడు. చూడ్డానికి బండి బ్రహ్మాండంగా ఉంది, దాని గురించి పేచీ లేదు.

పేచీ ఏంటంటే, ఎల్బీనగర్‌లో మా గేటు నుంచి విజయవాడలో అమ్మావాళ్ళ గేటు దాకా బండి కొన్న కొత్తలో మీటర్ మీద 270 వచ్చేది. ఈమధ్య 274, 275 కూడా చూపించింది, దార్లో డైవర్షన్లేమో అనుకున్నా. మొన్న శనివారం వెళ్తే 253! అదే దారి, సూర్యాపేటలో అదే హోటల్, అదే ఉప్మా పెసరట్టు. తిరుగు ప్రయాణంలోనూ 253. ట్యాంకు నింపి చూసుకుంటే పెట్రోలు మాత్రం ఎప్పటిలాగే 15 లీటర్లు. అంటే 18 ఇచ్చే బండి 16.9కి పడిపోయింది.

షాపతనికి ఫోన్ చేస్తే "పెద్ద చక్రం కదా సార్, స్పీడ్ పెరుగుద్ది, మైలేజీ తగ్గుద్ది" అన్నాడు. స్పీడ్ పెరిగితే దూరం తగ్గడమేంటి? మీటర్ పోయిందా, నా బుర్ర పోయిందా?

సాయంత్రం_చాయ్
ఊరు దగ్గరైతే సంతోషించాలి గానీ ఏడుస్తారేంటి.

పంక్చర్_బాబు
షాపతను కరెక్టే చెప్పాడు అన్నా. పెద్ద చక్రం అంటే స్పీడే. చిన్నపిల్లల సైకిల్, పెద్ద సైకిల్ పక్కపక్కన పెట్టి తొక్కండి, తెలిసిపోద్ది.

లెక్కల_మాస్టారు
మీటరూ బాగుంది, మీ బుర్రా బాగుంది. మీటర్‌కి దూరం అంటే ఏంటో తెలియదు, అంతే. అది చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడుతుంది, ఒక్కో చుట్టుకి ఇంత దూరం అని ఫ్యాక్టరీలో నేర్పిన అంకెతో గుణిస్తుంది. కళ్ళకి గంతలు కట్టుకుని అడుగులు లెక్కపెడుతూ "ఇప్పటికి ఇన్ని గజాలు నడిచాను" అని చెప్పే మనిషి లాంటిది. ఆ మనిషి కాళ్ళు రాత్రికి రాత్రి పొడుగైపోతే? అడుగులు తక్కువ పడతాయి, కాబట్టి తక్కువ నడిచాననే చెబుతాడు.

మీ కాళ్ళు ఎంత పొడుగయ్యాయో చూద్దాం. టైరు మీద 175/65 ఆర్14 అంటే వెడల్పు 175 మిమీ, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం అంటే 113.75 మిమీ, లోపల రిమ్ము 14 అంగుళాలు అంటే 355.6 మిమీ. గోడ పైనా ఉంటుంది, కిందా ఉంటుంది కాబట్టి రెండుసార్లు కలపాలి. మొత్తం వ్యాసం 583.1 మిమీ. చుట్టుకొలత దాదాపు 1.832 మీటర్లు.

కొత్తది అదే లెక్కన 381 + 240.5 = 621.5 మిమీ. చుట్టుకొలత 1.952 మీటర్లు.

ఒకదాన్ని ఇంకోదాంతో భాగిస్తే 1.066. ఇప్పుడు 270ని 1.066తో భాగించండి. 253.3 వస్తుంది. మీ ఊరు ఎక్కడికీ కదల్లేదు.

బెజవాడ_బుల్లోడు
మాస్టారూ, దండం. దశాంశంతో సహా దిగింది. అయితే మైలేజీ?

లెక్కల_మాస్టారు
నిజంగా నడిచింది 270, తాగింది 15 లీటర్లు. ఇప్పుడూ 18 ఇస్తోంది. మీటర్ చెప్పిన 253ని 15తో భాగించారు కాబట్టి మీకు తగ్గినట్టు కనిపిస్తోంది.

గీతల_గోపాలం
మాస్టారి లెక్కలో ఒక ఈక పీకనివ్వండి. బుల్లోడు గారూ, "ఈమధ్య 274, 275" అన్నారే, అవి డైవర్షన్లు కావు. కొత్త టైరు మీద గాడి లోతు 7, 8 మిమీ ఉంటుంది. 1.6 మిమీకి వస్తే మార్చేయాలని టైరు మీదే గుర్తు ఉంటుంది. అంటే అరిగేసరికి వ్యాసార్థం 6 మిమీ, వ్యాసం 12 మిమీ తగ్గినట్టే. 583లో 12 అంటే 2 శాతం. 270 కాస్తా 275. మీ ఊరు ఆరేళ్ళపాటు మెల్లమెల్లగా దూరం జరిగి, ఒక్కరోజులో దగ్గరకి గెంతింది.

బెజవాడ_బుల్లోడు
అయ్య బాబోయ్. బండి పాతబడేకొద్దీ మైలేజీ పెరుగుతోందని మా బావమరిది దగ్గర గొప్పలు పోయాను. 18.3 అని వాట్సాప్‌లో ఫోటో కూడా పెట్టా.

సాయంత్రం_చాయ్
బావమరిదికి ఈ లింకు పంపకండి.

పంక్చర్_బాబు
అదంతా సరే. నా పాయింట్‌కి ఎవరూ జవాబు చెప్పలేదు. పెద్ద చక్రం స్పీడా కాదా?

ఎడ్లబండి_ఎంకన్న
మా నాన్న హయాంలో ఎడ్లబండి చక్రం నా ఛాతీ దాకా వచ్చేది. తర్వాత వచ్చిన టైరు బండి చక్రం మోకాలి దాకా. రెండిటికీ అవే ఎడ్లు. స్పీడు ఏమాత్రం మారలేదు తమ్ముడూ. ఎద్దు నడిచినంతే బండి నడుస్తుంది. పెద్ద చక్రం తాపీగా తిరిగేది, చిన్నది గిరగిరా తిరిగేది. అంతే తేడా. (గుంతల్లో పడినప్పుడు మాత్రం పెద్ద చక్రం హాయి, అది వేరే కథ.)

హబ్_మోటర్_హరి
ఎంకన్న గారు చెప్పింది ఎద్దు లాగే బండికి. నాది దానికి తిరగేసిన కేసు. పాత సైకిల్‌కి వెనక చక్రంలో హబ్ మోటర్ పెట్టుకున్నా. మోటర్ నిమిషానికి దాదాపు 250 చుట్లకి మించి తిరగదు, దాని ఒంట్లో అంతే ఉంది. 26 అంగుళాల చక్రంలో బిగిస్తే చుట్టుకి 2 మీటర్ల పైన, అంటే గంటకి 31 కిమీ దాకా పోతుంది. అదే మోటర్‌ని మా అబ్బాయి 20 అంగుళాల సైకిల్‌లో పెట్టి చూశా, 24కి మించలేదు. కాబట్టి బాబు చెప్పింది కూడా తప్పు కాదు.

లెక్కల_మాస్టారు
ఇద్దరూ కరెక్టే, గొడవ ఎక్కడుందో చెబుతా. వేగం అంటే చుట్ల సంఖ్యని చుట్టుకొలతతో గుణించడం. ఇందులో మూడు అంకెలున్నాయి, ఒకటి మారిస్తే ఇంకొకటి కదలాలి. ఏది కదలాలి అనేది ఏది బిగదీసి ఉందో దాన్నిబట్టి ఉంటుంది. ఎంకన్న గారి బండిలో వేగం ఎద్దు చేతిలో, అదే కాలిలో ఉంది, కాబట్టి చుట్లు మారాయి. హరి బండిలో చుట్లు మోటర్ బిగబట్టింది, కాబట్టి వేగం మారింది.

"పెద్ద చక్రం స్పీడా" అని అడిగేముందు "ఏది మారకుండా ఉంది" అని అడగాలి. తొమ్మిదో తరగతి పిల్లలు ఇక్కడే తడబడతారు, పెద్దలూ ఇక్కడే.

నీట్_నిత్య
మాకు క్లాసులో వీ ఈక్వల్స్ ఆర్ ఒమేగా అనే సూత్రం రాయించి వదిలేశారు. ఎద్దు, మోటర్ అని చెప్పుంటే ఎప్పుడో అర్థమయ్యేది. ఒక డౌట్. బండి 80లో పోతుంటే టైరు కూడా 80లోనే పోతున్నట్టా?

లెక్కల_మాస్టారు
ఇరుసు 80. టైరు మీద నెత్తిన ఉన్న చోటు 160. రోడ్డుని తాకుతున్న చోటు సున్నా. జారకుండా దొర్లుతున్నంతసేపూ ఆ తాకే చోటు ఆ క్షణానికి రోడ్డు మీద ఆగినట్టే. వర్షాకాలంలో రోడ్డు పక్కన నిలబడి, పోయే లారీ టైరు నెత్తి మీద నుంచి బురద ఎటు ఎగురుతుందో చూడమ్మా, ముందుకే విసురుతుంది. అందుకే మడ్‌గార్డ్.

నీట్_నిత్య
సున్నానా?! రేపు క్లాసులో ఇది అడిగి సార్‌ని ఆడుకుంటా.

సైకిల్_శీను
మీటర్ గోలలో నాదీ ఒకటి. కొత్త సైకిల్ కంప్యూటర్ కొని నా రోడ్ బైక్‌కి పెట్టా. అందులో చక్రం సెట్టింగ్ 26 అంగుళాల ఎంటీబీ (మౌంటెన్ బైక్) చుట్టుకొలత, 2055 మిమీ అని ఉండిపోయింది. నా టైరు 700 x 25, దానికి 2105 పెట్టాలి. చూసుకోలేదు. ఆదివారం పొద్దున్నే సెంచరీ కొడదామని బయల్దేరా. ఇంటికి చేరేసరికి 97.6. వంద కావాలి కదా! కాలనీలో చుట్లు కొట్టా. వాచ్‌మన్ జాలిగా చూసి మంచినీళ్ళు ఇచ్చాడు. ఇంట్లోకొచ్చి ఫోన్‌లో చూస్తే 102.4. నేను గేటు దగ్గరకొచ్చేసరికే వంద అయిపోయింది.

సాయంత్రం_చాయ్
వాచ్‌మన్ ఇచ్చిన నీళ్ళకి జీఎస్టీ ఉండదు, సంతోషించండి.

మెకానిక్_మస్తాన్
18 ఏళ్ళుగా ఇదే పని. బుల్లోడు గారికి షాపతను 65 వేయకూడదు, 55 వేయాలి. 185/55 ఆర్15 లెక్కెయ్యండి మాస్టారూ, ఎంతొస్తుందో.

లెక్కల_మాస్టారు
381 + 203.5 = 584.5 మిమీ. పాతదానికీ దీనికీ తేడా మిల్లీమీటరున్నర కూడా లేదు!

మెకానిక్_మస్తాన్
అదీ సంగతి. రిమ్ము పెంచితే గోడ తగ్గించాలి, బయటి కొలత కదలకూడదు. కంపెనీలు చేసేదీ అదే. మారుతి స్విఫ్ట్ చూడండి, కింది మోడల్‌కి 165/80 ఆర్14, పై మోడల్‌కి 185/65 ఆర్15 ఇచ్చారు. రిమ్ము అంగుళం పెరిగింది. బయటి వ్యాసం 619.6, 621.5. చక్రం పెద్దదైనట్టు కంటికి కనిపిస్తుంది గానీ రోడ్డుకి తెలియదు. ఒకే గేర్‌బాక్స్, ఒకే మీటర్ రెండిటికీ సరిపోయాయి.

జనం రిమ్ము సైజు చూసి చక్రం సైజు అనుకుంటారు. రోడ్డు మీద దొర్లేది రబ్బరు, ఇనుము కాదు.

ఇంకోటి. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి ఆయాసపడుతోందా లేదా? నిజం చెప్పండి.

బెజవాడ_బుల్లోడు
మస్తాన్ భాయ్, మీరు నా డిక్కీలో కూర్చుని వచ్చారా? నాలుగో గేర్‌లో ఎక్కే చోట మూడోది వేయాల్సొచ్చింది. పిల్లలు, లగేజీ వల్ల అనుకున్నా.

మెకానిక్_మస్తాన్
లగేజీ కాదు. ఇరుసు తిప్పే బలం అంతే ఉంది, చక్రం కేంద్రం నుంచి రోడ్డు దూరమైంది. పొడుగు కర్రతో బరువు తోసినట్టు. తోపుడు ఆరు శాతం పైన తగ్గింది. మీ ప్రతి గేరూ ఒక పిసరు పై గేరు అయిపోయింది. హైవే మీద ఇంజన్ కాస్త తాపీగా ఉంటుంది, సిటీలో, ఎత్తులో బద్ధకిస్తుంది.

పంక్చర్_బాబు
అంటే గేర్లు చివరిదాకా లాగితే స్పీడ్ పెరిగినట్టేగా?

మెకానిక్_మస్తాన్
ఇంజన్‌కి దమ్ముంటే. మన చిన్న బండ్లలో టాప్ గేర్‌లో గాలే ఆపేస్తుంది. చుట్లు ఉంటాయి, తోసే బలం ఉండదు. ఒక్కోసారి పెద్ద చక్రంతో టాప్ స్పీడ్ తగ్గుద్ది కూడా.

నిజాంపేట_నాని
నాకో పజిల్. నా 150 సీసీ బైక్‌కి వెనక లావు టైరు వేశా, వ్యాసం కూడా పెరిగింది. మీటర్‌లో ఆఫీసు దూరం ఏమీ మారలేదు. 14.2 అప్పుడూ 14.2 ఇప్పుడూ. మీ సిద్ధాంతం నా బైక్ మీద పనిచేయట్లేదు.

మెకానిక్_మస్తాన్
మీటర్ కేబుల్ ఎక్కడ నుంచి వస్తోందో వంగి చూడు తమ్ముడూ.

నిజాంపేట_నాని
ముందు చక్రం నుంచి. సరే, సారీ.

ఎడ్లబండి_ఎంకన్న
వెనక ఎద్దుని మార్చి ముందు ఎద్దుని కొలిచినట్టు.

ఆస్టిన్_అమ్మడు
ఇక్కడ టెక్సాస్‌లో పికప్‌లకి ఇది మామూలే. మా ఆఫీసతను 275/65 ఆర్18 ఉన్న ట్రక్కుకి 35 అంగుళాల టైర్లు ఎక్కించాడు. పాతవి 32 అంగుళాలు. మీటర్ 65 మైళ్ళు చూపిస్తుంటే నిజానికి 71లో పోతున్నాడన్నమాట. టికెట్ పడ్డాకే తెలిసింది. తర్వాత కంప్యూటర్‌లో టైరు కొలత మార్పించుకున్నాడు. మీ బండికి అలా మార్చే వీలుందేమో అడగండి, కొన్నిటిలో సెట్టింగ్ ఉంటుంది.

బెజవాడ_బుల్లోడు
నేనూ ఫోన్ జీపీఎస్ పెట్టి చూశా. మీటర్ 80 దగ్గర ఫోన్ 81 చూపిస్తోంది. ఇక్కడ మళ్ళీ తికమక. ఆరు శాతం పైన తేడా ఉండాలి కదా, 85 రావాలి. ముల్లు కరెక్టుగా ఉండి కిలోమీటర్లు మాత్రం తప్పా?

గీతల_గోపాలం
మంచి పాయింట్ పట్టారు. స్పీడ్ ముల్లు కంపెనీ నుంచే కావాలని కాస్త ఎక్కువ చూపిస్తుంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 ప్రకారం ముల్లు ఎప్పుడూ నిజం వేగం కంటే తక్కువ చూపకూడదు, ఎక్కువ చూపొచ్చు, అదీ నిజం వేగంలో పదో వంతు + 4 కిమీ లోపు. అందుకే చాలా కంపెనీలు నాలుగైదు శాతం పైకి నెట్టి పెడతాయి. కిలోమీటర్లు చూపే ఓడోమీటర్‌ని అలా నెట్టరు, అది దాదాపు నిజమే చెబుతుంది.

మీ పాత టైర్లతో మీటర్ 80 అంటే నిజం 76 అయ్యుంటుంది. ఇప్పుడు ఆ 76ని 1.066తో గుణిస్తే 81. కంపెనీ దాచిపెట్టిన జాగ్రత్తనంతా మీ అల్లాయ్స్ మింగేశాయి. ముల్లు నిజం చెబుతున్నట్టు కనిపిస్తుంది గానీ ఒక కిమీ తక్కువే చెబుతోంది. స్పీడ్ గన్ ముందు ఆ ఒక్కటే మీ కొంప ముంచుతుంది.

ఓరుగల్లు_ఆటో
మా ఆటో టైరు 4.00-8. చిన్నది. కేబుల్ మీటర్ రోజుల్లో అరిగిన టైర్లతో తిప్పితే మీటర్ కాస్త తొందరగా పరిగెత్తేది, అందరికీ తెలిసిన రహస్యమే. తూనికలు కొలతలవాళ్ళు మాత్రం మీటర్‌కి సీలు వేసేవాళ్ళు.

సాయంత్రం_చాయ్
అన్నా, మీటర్ వేసే ఆటో హైదరాబాద్‌లో ఎక్కడుందో చెప్పండి, టైరు నేను కొలుస్తా.

ఓరుగల్లు_ఆటో
అందుకే నేను వరంగల్‌లో ఉన్నా.

ఇనుప_పట్టాలు
రబ్బరు టైర్లకే ఇంత గొడవ పడుతున్నారు. నేను ఎలక్ట్రిక్ లోకో షెడ్‌లో పనిచేస్తా. డబ్ల్యూఏపీ-7 ఇంజన్ చక్రం కొత్తగా ఉన్నప్పుడు 1092 మిమీ. అరుగుతూ, లేత్ మీద పట్టి చెక్కుతూ 1016 దాకా వాడతాం. ఉక్కు చక్రం అరగదనుకుంటారు జనం, 76 మిమీ పోతుంది. కొత్త చక్రం కిలోమీటరుకి 291 చుట్లు తిరిగితే, చివరి దశలో 313 తిరుగుతుంది. ఏడు శాతం పైన తేడా.

అందుకే చక్రం చెక్కిన ప్రతిసారీ కొత్త వ్యాసం కొలిచి స్పీడోమీటర్‌లో ఎక్కించాలి. అది చేయకుండా 1092 అనే వదిలేస్తే, బండి నిజంగా 100లో పోతుంటే లోకో పైలట్‌కి 107 కనిపిస్తుంది. బండి లేటు.

ఇంకో ముచ్చట. మీ కార్లకి మలుపులో లోపలి చక్రం, బయటి చక్రం వేర్వేరుగా తిరగడానికి డిఫరెన్షియల్ ఉంటుంది. రైలు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి బిగించేసి ఉంటాయి, చచ్చినట్టు ఒకే చుట్లు తిరగాలి. మరి మలుపులో బయటి పట్టా పొడవు కదా? చక్రం చదునుగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది, లోపలివైపు లావు, బయటివైపు సన్నం. మలుపులో జత మొత్తం బయటికి జరుగుతుంది, అప్పుడు బయటి చక్రం తన లావు భాగం మీద, లోపలిది సన్న భాగం మీద దొర్లుతాయి. ఒకే చుట్టులో బయటిది ఎక్కువ దూరం పోతుంది. చక్రం తన సైజు తానే మార్చుకున్నట్టు.

నీట్_నిత్య
ఇది చదివి ఒళ్ళు జలదరించింది. నిజంగా.

ఎడ్లబండి_ఎంకన్న
ఎన్నిసార్లు రైలెక్కాను, ఒక్కసారి కూడా చక్రం వంక చూడలేదు.

తణుకు_ట్రాక్టర్
దమ్ము చేసేటప్పుడు మా ట్రాక్టర్ చూస్తే మాస్టారి గుణకారం మొత్తం తేలిపోద్ది. పంజరం లాంటి ఇనుప కేజ్ చక్రాలు వేసి బురదలో దిగితే చక్రం పది చుట్లు తిరిగితే బండి ఏడెనిమిది చుట్ల దూరమే పోద్ది. మిగతాది బురద కలపడానికే. చుట్లు ఉంటాయి, దూరం ఉండదు.

నాలుగు చక్రాల డ్రైవ్ ట్రాక్టర్ ఉన్నోళ్ళు ఇంకో జాగ్రత్త పడాలి. ముందు టైరు చిన్నది, వెనకది పెద్దది, రెండూ ఇంజన్‌కే కలిపి ఉంటాయి. ముందు చక్రాలు వెనకవాటికంటే నూటికి ఒకటి నుంచి ఐదు వంతులు ముందుకి లాగేలా గేర్లు కడతారు. ముందు టైర్లు అరిగాయని తక్కువ ధరకి దొరికిన వేరే సైజువి వేస్తే ఆ లెక్క చెడుద్ది. రోడ్డు మీద నాలుగు చక్రాల్లో పెట్టి నడిపితే ముందు, వెనక ఒకదాన్నొకటి ఈడ్చుకుంటాయి. మా పక్క చేను ఆయన టైర్లు రెండు సీజన్లకే గుండైపోయాయి.

లెక్కల_మాస్టారు
నిజమే, నా గుణకారం జారనప్పుడే. బురద గురించి ఆలోచించలేదు.

బుల్లోడు గారూ, ఓ పని చేయండి. కాయితం మీద లెక్క చాలు, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కొలవండి. టైరు కింది భాగానికి, నేలకి కలిపి చాక్‌పీస్‌తో గీత గీయండి. బండిని తిన్నగా తోయండి, గీత మళ్ళీ నేలని తాకేలా సరిగ్గా ఐదు చుట్లు. మొదటి గీత నుంచి చివరి గీత దాకా టేపు. ఐదుతో భాగించండి.

బెజవాడ_బుల్లోడు
(మరుసటి రోజు)
కొలిచా. పార్కింగ్‌లో మా వాచ్‌మన్, ఇద్దరు పిల్లలు, నేను. పిల్లలు గీత చూసి "ఇప్పుడు! ఇప్పుడు!" అని అరిచే డ్యూటీ. ఐదు చుట్లకి 9 మీటర్ల 50 సెంటీమీటర్లు. అంటే చుట్టుకి 1.90. మాస్టారు చెప్పింది 1.952. ఐదు సెంటీమీటర్లు ఎటు పోయాయి?

పాత సైజు స్టెప్నీ ఇంకా డిక్కీలోనే ఉంది, వాడనిది కాబట్టి కొత్తగానే ఉంది. దాన్ని దింపి చేత్తో దొర్లించా. ఐదు చుట్లకి 9.13. చుట్టుకి 1.826. ఇది మాత్రం లెక్కకి దగ్గరగానే ఉంది. కానీ ఒకదాన్ని ఇంకోదాంతో భాగిస్తే 1.04 వస్తోంది, 1.066 రావట్లేదు. ఇప్పుడు ఏది నమ్మాలి?

గీతల_గోపాలం
స్టెప్నీ మీద ఎవరు కూర్చున్నారు?

బెజవాడ_బుల్లోడు
ఎవరూ కూర్చోలేదండీ, చక్రం మీద ఎవరు కూర్చుంటారు.

గీతల_గోపాలం
అదే చెబుతున్నా. బండికున్న చక్రం మీద రెండు మూడు వందల కిలోలు కూర్చుని ఉన్నాయి. కింద నొక్కుకుపోతుంది. అందుకే దొర్లే చుట్టుకొలత కాయితం మీద ఉన్నదానికంటే రెండు మూడు శాతం తక్కువ వస్తుంది. స్టెప్నీ ఖాళీగా దొర్లింది, కాబట్టి నిండు కొలత ఇచ్చింది. ఒకటి బరువుతో, ఒకటి బరువు లేకుండా కొలిచి భాగిస్తే ఎలా? స్టెప్నీని బండికి బిగించి తోయండి, మళ్ళీ 1.066 చుట్టుపక్కలకి వస్తుంది. మీటర్‌కి ఫ్యాక్టరీలో నేర్పిందీ బరువుతో దొర్లే కొలతే.

పంక్చర్_బాబు
అయితే గాలి తగ్గితే కూడా మీటర్ ఎక్కువ చూపించాలి. చక్రం కూరుకుపోద్ది కదా. ఇది నా ఫీల్డు, ఇక్కడ నన్ను ఎవరూ ఓడించలేరు.

మెకానిక్_మస్తాన్
కొంచెం. నువ్వనుకున్నంత కాదు. రేడియల్ టైరు లోపల ఉక్కు బెల్టు చుట్టి ఉంటుంది, దాని పొడవు సాగదు, తగ్గదు. గాలి తగ్గితే ఇరుసు కిందకి దిగుతుంది గానీ బెల్టు మొత్తం రోడ్డు మీద పరుచుకోవాల్సిందే, ట్యాంకు చైను లాగా. కాబట్టి చుట్టుకి దూరం స్వల్పంగానే తగ్గుతుంది.

పంక్చర్_బాబు
మరి కొన్ని కార్లలో గాలి తగ్గితే లైటు వెలుగుద్ది, చక్రంలో సెన్సర్ లేకుండానే. అదెలా? చుట్లు లెక్కపెట్టేగా?

మెకానిక్_మస్తాన్
ఒప్పుకుంటున్నా. ఏబీఎస్ బ్రేకుల సెన్సర్లు నాలుగు చక్రాల చుట్లనీ పోలుస్తాయి. ఒకటి మిగతావాటికంటే పిసరు ఎక్కువ తిరిగితే పట్టేస్తాయి. తేడా చిన్నదే, కానీ వందల చుట్ల మీద పోల్చి చూస్తే దొరికిపోద్ది. బాబుకి ఒక పాయింటు.

పంక్చర్_బాబు
స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

బెజవాడ_బుల్లోడు
గాలి 33 నుంచి 22కి దించి మళ్ళీ తోశాం. ఐదు చుట్లకి 9.48. రెండు సెంటీమీటర్లు తగ్గింది, అది నా చాక్‌పీస్ గీత మందమే అయ్యుండొచ్చు. వాచ్‌మన్ ఇక నన్ను చూస్తే దాక్కుంటున్నాడు.

మెకానిక్_మస్తాన్
ప్రయోగాలు తర్వాత. ఆ స్టెప్నీ సంగతి సీరియస్‌గా చెబుతున్నా. పాత సైజు స్టెప్నీని ముందు చక్రానికి బిగించి హైవే ఎక్కకండి. ఒకవైపు చిన్న చక్రం, ఒకవైపు పెద్దది. తిన్నగా పోతున్నా డిఫరెన్షియల్ అనుకుంటుంది "ఇదేదో ఆగని మలుపు" అని, లోపల గేర్లు ఆడుతూనే ఉంటాయి, వేడెక్కుతాయి. ముందుది పంక్చరైతే వెనక మంచి చక్రాన్ని ముందుకి వేసి, స్టెప్నీని వెనక వేయండి. అదీ షాపు దాకానే, మెల్లగా.

నిజాంపేట_నాని
ఒకటి అడగనా. మీటర్ తక్కువ చూపిస్తోంది కదా, అమ్మేటప్పుడు "తక్కువ తిరిగిన బండి" అని చెప్పుకోవచ్చుగా?

ఆస్టిన్_అమ్మడు
మోసం అంటారు దాన్ని.

మెకానిక్_మస్తాన్
లాభం కాదు, నష్టం. మీటర్‌లో 10,000కి సర్వీసు అంటే బండి నిజంగా 10,660 తిరిగినట్టు. ఆయిల్‌కి తెలుసు ఎంత తిరిగిందో, దానికి మీటర్‌తో పనిలేదు.

బెజవాడ_బుల్లోడు
అప్‌డేట్. షాపుకెళ్ళి టైరు కొలతలు కాయితం మీద వేసి చూపించా. మొదట "ఎవరూ ఇట్టా అడగలేదు సార్" అన్నాడు. తర్వాత డ్రైవర్ డోర్ తీసి అంచుకి అంటించిన స్టిక్కర్ చూపించా. దాని మీద కంపెనీ చెప్పిన సైజులు రాసి ఉన్నాయి, ఈ 65 అందులో లేదు. నెల వాడిన టైర్లు కాబట్టి ఒక్కోదానికి కొంత కోత వేసుకుని 185/55 ఇస్తానన్నాడు. స్టాక్ వచ్చే వారమట. అప్పటిదాకా డ్యాష్‌బోర్డ్ మీద చిన్న చీటీ అంటించా, "x 1.066" అని.

అమ్మకి ఫోన్‌లో ఇదంతా చెప్పా. దూరం తగ్గిందన్నమాట ఒక్కటే విన్నది. "అయితే నెలకి రెండుసార్లు రావచ్చుగా" అంటోంది.

సైకిల్_శీను
అమ్మకి 55 గురించి చెప్పకండి.

తణుకు_ట్రాక్టర్
ఆ 65 టైర్లు నాలుగూ అమ్ముతాడా షాపతను? మా తమ్ముడి బండికి 185/65 ఆర్15 కావాలి. కంపెనీదే ఆ సైజు, కంగారు పడకండి.